సూక్ష్మదర్శినిలో కణాల కొలత: ఆవర్ధనం, ప్రమాణాల మార్పిడిపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్, డిగ్రీ విద్యార్థులు జీవశాస్త్ర ప్రయోగశాలలో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఈ లెక్కల్లో గుణకారం, భాగహారం తప్ప కష్టమైన గణితం ఏదీ లేదు. అయినా మార్కులు పోతున్నాయంటే కారణాలు సాధారణంగా రెండే: రెండు కొలతలను రెండు వేర్వేరు ప్రమాణాల్లో ఉంచి భాగించడం ఒకటి, ఏ బొమ్మ ఆవర్ధనం గురించి మాట్లాడుతున్నామో మరిచిపోవడం రెండోది.

ఆవర్ధనం అంటే సరిగ్గా ఏమిటి? దానికి ప్రమాణం ఎందుకు రాయరు?

బొమ్మలో కనిపించే పొడవును వస్తువు అసలు పొడవుతో భాగిస్తే వచ్చే సంఖ్యే ఆవర్ధనం. పొడవును పొడవుతో భాగిస్తున్నాం కాబట్టి పైనా కిందా ఉన్న ప్రమాణాలు కొట్టుకుపోయి ఒట్టి సంఖ్య మిగులుతుంది. అందుకే 400 రెట్లు అంటాం, 400× అని రాస్తాం, అంతేగాని 400 మిల్లీమీటర్లు అనం. అయితే ప్రమాణాలు కొట్టుకుపోవాలంటే ముందుగా రెండూ ఒకటే అయి ఉండాలి. బొమ్మను స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తాం, కణం కొలతను మైక్రోమీటర్లలో చెబుతాం, కాబట్టి ఈ లెక్కలో ప్రమాణాల మార్పిడి దాదాపు ఎప్పుడూ తప్పదు.

మిల్లీమీటర్ల నుంచి మైక్రోమీటర్లకు వెళ్లేటప్పుడు గుణించాలా, భాగించాలా?

గుణించాలి, 1000తో. ఎందుకన్నది బట్టీ పట్టనక్కరలేదు. రూపాయలను పైసల్లోకి మార్చినప్పుడు డబ్బు అంతే ఉంటుంది, సంఖ్య మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే పైసా చిన్నది. ఇక్కడా అంతే. చిన్న ప్రమాణంలోకి వెళితే సంఖ్య పెద్దదవుతుంది, పెద్ద ప్రమాణంలోకి వెళితే సంఖ్య చిన్నదవుతుంది.

ఒక మీటరుకు 1000 మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటరుకు 1000 మైక్రోమీటర్లు, ఒక మైక్రోమీటరుకు 1000 నానోమీటర్లు. మీటర్లలో చెప్పాలంటే ఇవి వరుసగా 10⁻³, 10⁻⁶, 10⁻⁹ అవుతాయి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా వెయ్యితో గుణించడం, ఎక్కినప్పుడల్లా వెయ్యితో భాగించడం, అంతే. ఈ మెట్లలో చోటు లేని సెంటీమీటరు మాత్రం చాలామందిని పడేస్తుంది. ఒక సెంటీమీటరుకు 10 మిల్లీమీటర్లే కాబట్టి దాన్ని నేరుగా మైక్రోమీటర్లలోకి మార్చాలంటే 10,000తో గుణించాలి. నా సలహా ఏమిటంటే, బొమ్మను కొలిచేటప్పుడే సెంటీమీటర్లను పక్కన పెట్టి స్కేలు మీద మిల్లీమీటర్లే చదవండి, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

జవాబు వచ్చాక అది నమ్మదగినదేనా అని ఒకసారి చూసుకోవడం కూడా లెక్కలో భాగమే. ఒకసారి ఒక రికార్డు పుస్తకంలో ఉల్లిపొర కణం పొడవు 350 మిల్లీమీటర్లు అని నీటుగా, కింద రెండు గీతలతో సహా రాసి ఉండటం చూశాను. అడుగు స్కేలు 300 మిల్లీమీటర్లే, కాబట్టి ఆ కణం స్కేలును దాటి బయటికి వచ్చేయాలి. అంకెలో తప్పు లేదు, 350 మైక్రోమీటర్లు ఉల్లిపొర కణానికి చక్కగా సరిపోయే పొడవే. ప్రమాణం దగ్గర చేయి జారిందంతే.

మైక్రాన్, మైక్రోమీటరు రెండూ ఒకటేనా?

ఒకటే. మైక్రాన్ పాత పేరు. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ దాన్ని 1967లోనే అధికారిక వాడుక నుంచి తొలగించింది, అయినా నీటి ఫిల్టర్ల ప్రకటనల్లోనూ ప్లాస్టిక్ సంచుల మందం చెప్పేటప్పుడూ అది ఇంకా వినిపిస్తూనే ఉంది. పాత పుస్తకాల్లో కనిపించే ఆంగ్‌స్ట్రామ్ అనేది నానోమీటరులో పదో వంతు.

అక్షి కటకం 10×, వస్తు కటకం 40× అయితే ఆవర్ధనం 400. అలాంటప్పుడు నా రికార్డులోని బొమ్మ కింద 400× అని రాయవచ్చా?

రాయకూడదు, కానీ దాదాపు అందరూ రాస్తారు. 10ని 40తో గుణిస్తే వచ్చే 400, మీరు కన్ను పెట్టి చూసిన ప్రతిబింబానికి చెందిన సంఖ్య. మీరు పెన్సిల్‌తో గీసిన బొమ్మ మరొక వస్తువు. దాన్ని పేజీ అంతా నిండేలా గీస్తారా, అగ్గిపెట్టె అంత గీస్తారా అన్నది మీ ఇష్టాన్ని బట్టి ఉంటుంది, సూక్ష్మదర్శినికి ఆ విషయం తెలియదు.

ఉదాహరణకు బుగ్గ లోపలి పొర కణం ఒకటి సుమారు 60 మైక్రోమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. మీరు దాన్ని కాగితం మీద 90 మిల్లీమీటర్ల వెడల్పున గీశారు. 90 మిల్లీమీటర్లు అంటే 90,000 మైక్రోమీటర్లు. దాన్ని 60తో భాగిస్తే 1500 వస్తుంది. కాబట్టి చూసింది 400 రెట్ల దగ్గరే అయినా మీ బొమ్మ ఆవర్ధనం 1500×. పక్కన కూర్చున్న స్నేహితుడు అదే కణాన్ని 30 మిల్లీమీటర్లుగా గీస్తే అతని బొమ్మ ఆవర్ధనం 500× అవుతుంది. రెండు బొమ్మలూ సరైనవే. బొమ్మ కింద "400 రెట్ల ఆవర్ధనంలో చూసినది" అని ఒక మాట, "బొమ్మ ఆవర్ధనం 1500×" అని మరో మాట విడివిడిగా రాస్తే ఏ పరీక్షకుడూ తప్పు పట్టలేడు.

సూత్రాన్ని ఎన్ని రకాలుగా గుర్తుంచుకోవాలి?

ఒక్క రకంగా చాలు: బొమ్మ కొలత = అసలు కొలత × ఆవర్ధనం. మిగతా రెండూ దీన్నుంచే వస్తాయి. త్రిభుజం గీసి వేలితో ఒక మూల మూసే పద్ధతి కొందరు నేర్పుతారు. అందులో తప్పేమీ లేదు, కానీ త్రిభుజంలో ఏ మూలన ఏది ఉండాలో మరిచిపోయినవారిని చాలామందిని చూశాను. బొమ్మ పెద్దది, కణం చిన్నది అన్న ఒక్క సంగతి మనసులో ఉంటే దేన్ని దేనితో భాగించాలో అదే చెబుతుంది.

చిత్రం మీద ఉండే స్కేల్ బార్‌తో లెక్క ఎలా చేయాలి?

స్కేల్ బార్ అంటే చిత్రం మూలన గీసి, దాని కింద 20 మైక్రోమీటర్లు అనో 1 మైక్రోమీటరు అనో రాసి ఉంచే చిన్న అడ్డగీత. రాసిన అంకె ఆ గీత అసలు కొలత. స్కేలు పెట్టి కొలిస్తే వచ్చేది దాని బొమ్మ కొలత. రెండూ చేతిలో ఉన్నాయి కాబట్టి ఆవర్ధనం వెంటనే తెలిసిపోతుంది.

ఒక రక్తపు పూత చిత్రంలో 20 మైక్రోమీటర్ల బార్‌ను కొలిస్తే 24 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 24 మిల్లీమీటర్లు అంటే 24,000 మైక్రోమీటర్లు, 20తో భాగిస్తే 1200. అదే చిత్రంలో ఒక ఎర్ర రక్తకణం అడ్డంగా 9 మిల్లీమీటర్లు ఉంది. 9000ను 1200తో భాగిస్తే 7.5 మైక్రోమీటర్లు. ఆరోగ్యవంతుల ఎర్ర రక్తకణం 7 నుంచి 8 మైక్రోమీటర్ల వ్యాసంతో ఉంటుంది కాబట్టి జవాబు సరిగ్గా కుదిరింది.

కణం కొలత ఒక్కటే కావాలంటే ఆవర్ధనం జోలికి వెళ్లకుండా త్రైరాశికంతోనే పని అయిపోతుంది. 24 మిల్లీమీటర్లకు 20 మైక్రోమీటర్లయితే 9 మిల్లీమీటర్లకు ఎంత? మళ్లీ 7.5. ఇందులో ప్రమాణాల మార్పిడి కూడా అక్కరలేదు.

చిత్రం కింద ఆవర్ధనం అచ్చువేసి ఉన్నప్పుడు మళ్లీ బార్‌ను కొలవడం ఎందుకు?

అచ్చు అంకె చిత్రంతో పాటు పెరగదు, తరగదు కాబట్టి. పైన చెప్పిన చిత్రం కింద 1200× అని రాసి ఉందనీ, దాన్ని ఎవరో జిరాక్సు షాపులో 70 శాతానికి తగ్గించి నకలు తీశారనీ అనుకుందాం. నకలులో ఎర్ర రక్తకణం 6.3 మిల్లీమీటర్లే ఉంటుంది. విద్యార్థి అచ్చు అంకెను నమ్మి 6300ను 1200తో భాగిస్తే 5.25 మైక్రోమీటర్లు వస్తుంది. ఇది ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో చిన్నబోయిన కణాల వైపు వేలు చూపించే కొలత. అంటే జిరాక్సు యంత్రం ఒక ఆరోగ్యవంతుడికి జబ్బు అంటగట్టింది. బార్ మాత్రం బొమ్మతో పాటే 16.8 మిల్లీమీటర్లకు తగ్గింది. దాన్ని కొలిస్తే ఇప్పటి ఆవర్ధనం 840× అని, కణం మళ్లీ 7.5 మైక్రోమీటర్లే అని తేలుతుంది. సెల్‌ఫోన్ తెరమీద చూసే చిత్రాలకు ఇది మరింతగా వర్తిస్తుంది, ఎందుకంటే రెండు వేళ్లతో లాగిన ప్రతిసారీ ఆవర్ధనం మారిపోతూనే ఉంటుంది. రెండూ ఉన్నచోట బార్‌నే నమ్మాలని నా గట్టి అభిప్రాయం.

స్కేల్ బార్ లేదు, కొలత గీతలున్న మైక్రోమీటర్ స్లైడూ లేదు. ఉల్లిపొర కణం పొడవును ఉజ్జాయింపుగా నైనా చెప్పగలమా?

చెప్పగలం, దృష్టిక్షేత్రం వ్యాసం తెలిస్తే చాలు. అక్షి కటకంలో కనిపించే వెలుగు వలయం ఒక చివర నుంచి మరో చివరకు అసలు ఎంత దూరమో అదే దృష్టిక్షేత్ర వ్యాసం. ముందుగా 4× వస్తు కటకం కింద పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును పెట్టి మిల్లీమీటర్ల గీతలను లెక్కపెట్టండి. చాలా కళాశాలల సూక్ష్మదర్శినుల్లో నాలుగు గడులు పూర్తిగా, ఐదోది సగం కనిపిస్తాయి, అంటే 4.5 మిల్లీమీటర్లు. 40× కటకం కింద మాత్రం స్కేలు పెట్టే ప్రయత్నం చేయకండి. ఆ కటకానికీ స్లైడుకూ మధ్య మిల్లీమీటరు సందు కూడా ఉండదు, స్కేలు తగిలి కటకం మీద గీత పడుతుంది.

దాని అవసరమూ లేదు. ఆవర్ధనం ఎన్ని రెట్లు పెరిగితే దృష్టిక్షేత్రం అన్ని రెట్లు తగ్గుతుంది. 4× దగ్గర 4.5 మిల్లీమీటర్లయితే 10× దగ్గర 1.8 మిల్లీమీటర్లు, 40× దగ్గర 0.45 మిల్లీమీటర్లు, అంటే 450 మైక్రోమీటర్లు. కొన్ని అక్షి కటకాల అంచు మీద 10×/18 అని చెక్కి ఉంటుంది. ఆ 18ని వస్తు కటకం సంఖ్యతో భాగించినా ఇవే విలువలు వస్తాయి.

ఇప్పుడు ఉల్లిపొరను 10× కటకం కింద పెట్టి, వలయం వ్యాసం పొడవునా కణాలు తలా తోకా కలిపి ఎన్ని పట్టాయో లెక్కపెట్టండి. ఆరు పడితే 1800ను 6తో భాగించి ఒక్కో కణం సుమారు 300 మైక్రోమీటర్లని చెప్పవచ్చు. రియో మొక్క ఆకు పొరలోని కణాలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఇలా తెలిసిన దానితో తెలియని దాన్ని పోల్చడం కొత్త ఉపాయమేమీ కాదు. 17వ శతాబ్దంలో డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన ఒంటి కటకపు సూక్ష్మదర్శినితో చూసిన సూక్ష్మజీవుల పరిమాణాన్ని చెప్పడానికి ఇసుక రేణువును కొలబద్దగా వాడాడు.

అక్షి మైక్రోమీటరును సరిచూడటం అంటే ఏమిటి? ప్రతి కటకానికీ విడిగా ఎందుకు చేయాలి?

అక్షి మైక్రోమీటరు అనేది అక్షి కటకం లోపల అమర్చే గుండ్రని గాజుబిళ్ల. దాని మీద మామూలుగా 100 గడులు ఉంటాయి. ఆ గడులకు సొంత విలువ ఏదీ లేదు. వస్తు కటకం మారితే వాటి వెనక కనిపించే కణం పెద్దదో చిన్నదో అవుతుంది గాని గడులు అలాగే ఉండిపోతాయి. అందువల్ల ఒక గడి ఎన్ని మైక్రోమీటర్లకు సమానమో ప్రతి కటకానికీ వేరుగా తేల్చుకోవాలి.

దానికి స్టేజి మైక్రోమీటరు కావాలి. చూడటానికి మామూలు స్లైడులాగే ఉంటుంది, మధ్యలో చిన్న నల్లని వలయం, ఆ వలయంలో ఒక మిల్లీమీటరు పొడవును 100 భాగాలు చేసిన గీతలు ఉంటాయి. ఒక్కో భాగం 0.01 మిల్లీమీటరు, అంటే 10 మైక్రోమీటర్లు. గీతలను వెతికి పట్టుకోవడమే మొదటిసారి చేసేవారికి పెద్ద పని, కాబట్టి 4×తో ఆ వలయాన్ని మధ్యకు తెచ్చుకున్నాకే పెద్ద కటకానికి వెళ్లండి. తరువాత అక్షి కటకాన్ని తిప్పి రెండు స్కేళ్లను ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా నిలపండి. ఎడమ చివర ఒక గీత మీద గీత సరిగ్గా పడేలా స్లైడును జరిపి, కుడివైపు వీలైనంత దూరంలో మళ్లీ రెండు గీతలు ఎక్కడ కలిశాయో చూడండి.

40× దగ్గర అక్షి స్కేలులోని 80 గడులు స్టేజి స్కేలులోని 20 గడులతో కలిశాయనుకుందాం. 20 గడులు అంటే 200 మైక్రోమీటర్లు. 200ను 80తో భాగిస్తే అక్షి గడి ఒకటి 2.5 మైక్రోమీటర్లు. ఇప్పుడు స్టేజి మైక్రోమీటరును తీసి బుగ్గ కణాల స్లైడు పెడితే ఒక కణం 23 గడులు ఆక్రమించింది. 23ను 2.5తో గుణిస్తే 57.5 మైక్రోమీటర్లు.

అదే కటకంతో ఎర్ర రక్తకణాన్ని కొలిస్తే మూడు గడులే వస్తుంది. చదవడంలో అర గడి అటూ ఇటూ అయితే 1.25 మైక్రోమీటర్ల తేడా పడుతుంది, ఏడున్నర మైక్రోమీటర్ల కణానికి అది చిన్న తేడా కాదు. స్లైడుకూ కటకానికీ మధ్య నూనె చుక్క వేసి వాడే 100× నూనె కటకానికి మారితే గడి విలువ 1 మైక్రోమీటరుకు తగ్గి, కణం ఏడున్నర గడులు పడుతుంది, పొరపాటూ ఆ మేరకు తగ్గుతుంది. ఈ విలువలను ఒక చీటీ మీద రాసి సూక్ష్మదర్శిని పెట్టెకు అతికించి ఉంచే ప్రయోగశాలలు ఉన్నాయి. మంచి అలవాటు, అయితే అక్షి కటకాన్ని వేరే సూక్ష్మదర్శినికి మార్చిన రోజున ఆ చీటీ చెల్లదు.

ఆవర్ధనాన్ని పెంచుకుంటూ పోతే ఇంకా వివరంగా కనిపించదా?

ఒక హద్దు వరకే. దగ్గర దగ్గరగా ఉన్న రెండు బిందువులను రెండుగా చూపగల శక్తిని పృథక్కరణ సామర్థ్యం అంటారు. ఆవర్ధనం వేరు, ఇది వేరు. కాంతి తరంగదైర్ఘ్యం దీనికి గీసే హద్దును జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బే 1873లో వివరించాడు. తరంగదైర్ఘ్యాన్ని, కటకం ఎంత వెడల్పు కోణం నుంచి కాంతిని సేకరించగలదో చెప్పే సంఖ్య అయిన న్యూమరికల్ అపెర్చర్‌కు రెట్టింపు విలువతో భాగిస్తే, విడిగా కనిపించే అతి తక్కువ దూరం వస్తుంది.

మీ 40× కటకం ఒంటి మీద చూడండి, 40 పక్కనే 0.65 అని ఉంటుంది, అదే న్యూమరికల్ అపెర్చర్. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు అనుకుంటే, 550ని 1.3తో భాగించగా సుమారు 423 నానోమీటర్లు, అంటే 0.42 మైక్రోమీటరు వస్తుంది. 1.25 అని రాసి ఉన్న 100× నూనె కటకానికి అదే లెక్క 220 నానోమీటర్లు. క్షయ బ్యాక్టీరియా వెడల్పు 0.2 నుంచి 0.5 మైక్రోమీటర్ల మధ్య ఉంటుంది కాబట్టి కఫం పరీక్షలో నూనె కటకం ఎందుకు వాడతారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

న్యూమరికల్ అపెర్చర్‌కు 500 నుంచి 1000 రెట్ల వరకు ఉన్న ఆవర్ధనమే ఉపయోగకరమని వాడుకలో ఉన్న నియమం. 1.25కు అది 625 నుంచి 1250 వరకు. 20× అక్షి కటకం తగిలించి 2000× చేసినా, చిన్న అక్షరాల వార్తాపత్రిక మసక ఫోటోను పెద్దది చేసినట్టే ఉంటుంది: మసక పెద్దదవుతుంది, అక్షరం మాత్రం చదవడానికి రాదు.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలకు లెక్క మారుతుందా?

లెక్క మారదు, నానోమీటర్లు వస్తాయి కాబట్టి ఒక మెట్టు అదనంగా దిగాలి. బొమ్మను మిల్లీమీటర్లలో కొలిచి పది లక్షలతో గుణిస్తే నానోమీటర్లు. 50,000× చిత్రంలో రైబోజోమ్ 1.25 మిల్లీమీటర్లుంటే అది 12,50,000 నానోమీటర్లు, 50,000తో భాగిస్తే 25 నానోమీటర్లు. సున్నాలు లెక్కపెట్టడంలో కన్ను తప్పుతుంది కాబట్టి ఇక్కడ పది ఘాతాల్లో రాయడమే క్షేమం.

ఆవర్ధనం 1 కంటే తక్కువ ఉండవచ్చా?

ఉండవచ్చు. 15 సెంటీమీటర్ల నిప్పుకోడి గుడ్డును నోట్‌బుక్‌లో 5 సెంటీమీటర్లుగా గీస్తే ఆవర్ధనం మూడో వంతు. పాఠ్యపుస్తకాలు అతి పెద్ద కణంగా చెప్పేది ఆ గుడ్డునే, నిక్కచ్చిగా మాట్లాడితే అందులోని పచ్చసొనే కణం.

జవాబులో దశాంశ స్థానం తరువాత ఎన్ని అంకెలు ఉంచాలి?

మీ కొలతలో ఎన్ని సార్థక సంఖ్యలు ఉన్నాయో అన్నే. మామూలు స్కేలుతో 47 మిల్లీమీటర్లు అని కొలిచి, 1200తో భాగించి, కాలిక్యులేటరు చూపిన 39.1666666 మైక్రోమీటర్లను ఉన్నదున్నట్టు దింపితే, అణువుల వరకు కొలిచానని చెప్పుకున్నట్టవుతుంది. 39 మైక్రోమీటర్లు చాలు.

పొడవు 100 రెట్లు పెరిగితే వైశాల్యం కూడా 100 రెట్లేనా? ఘనపరిమాణం సంగతేమిటి?

వైశాల్యం 10,000 రెట్లు, ఘనపరిమాణం 10 లక్షల రెట్లు పెరుగుతుంది. ప్రమాణాల మార్పిడికీ ఇదే వర్తిస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరుకు 1000 కాదు, 10 లక్షల చదరపు మైక్రోమీటర్లు. ఒక ఘనపు మిల్లీమీటరుకు 100 కోట్ల ఘనపు మైక్రోమీటర్లు.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన లెక్క కాదు. రక్త పరీక్ష కాగితంలో ఎం.సి.వి. అనే వరుస ఎదురుగా 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు అని ఉంటుంది, అది ఒక్కో ఎర్ర రక్తకణం సగటు ఘనపరిమాణం. లీటరులో 10¹⁵ ఘనపు మైక్రోమీటర్లు ఉంటాయి, ఫెమ్టో అంటే 10⁻¹⁵, కాబట్టి ఒక ఫెమ్టోలీటరు సరిగ్గా ఒక ఘనపు మైక్రోమీటరు. ఇప్పుడు పైన మనం కొలిచిన కణాన్నే తీసుకోండి. వ్యాసం 7.5 మైక్రోమీటర్లు, మందం సుమారు 2 మైక్రోమీటర్లు, ఆకారాన్ని ఉజ్జాయింపుగా చిన్న బిళ్ల అనుకుందాం. వ్యాసార్ధం 3.75, దాని వర్గం 14.06, 3.14తో గుణిస్తే సుమారు 44, మందం 2తో గుణిస్తే 88 ఘనపు మైక్రోమీటర్లు. నిజమైన కణం నడుమ లోపలికి నొక్కుకుని, అంచున కాస్త ఉబ్బి ఉంటుంది, అయినా స్కేలు పెట్టి కొలిచిన 9 మిల్లీమీటర్ల బొమ్మ నుంచి బయల్దేరి వచ్చిన ఈ 88, ఆ కాగితంలో అచ్చువేసిన 80, 100ల మధ్యే పడింది.